మిద్దె మీది సోలార్ హీటర్ ఏడాది పొడవునా పనికొస్తుందా? రాత్రి సలసల, తెల్లారేసరికి చన్నీళ్లు

వేపచెట్టు (అనంతపురం) · నవంబరు 14, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఈ ఆగస్టులో ఇక్కడ పాత ఇల్లు కొని దిగాము. మిద్దె మీద 200 లీటర్ల సోలార్ హీటర్ అప్పటికే ఉంది. గాజు గొట్టాల రకం. లెక్కపెట్టాను, 20 గొట్టాలు. ఇల్లు అమ్మినాయన వెళ్లేముందు రెండు మాటలు చెప్పారు. ఎండాకాలం దీంతో పని లేదు, నీళ్లు వదిలేసి ఖాళీగా పెట్టండి అన్నారు. ముసురు పడితే గీజరే దిక్కు అన్నారు. మరి ఇది ఏడాదిలో నాలుగైదు నెలల వస్తువేనా?

అసలు బాధ వేరే ఉంది. రాత్రి తొమ్మిదింటికి కుళాయి తిప్పితే చెయ్యి పెట్టలేము. తెల్లవారి ఐదున్నరకు అదే కుళాయిలో గోరువెచ్చగా కూడా రావు. మా ఇంట్లో రాత్రిపూట ఎవరూ స్నానం చేయరు. మరి ఆ వేడి ఎటు పోతోంది? మొన్న దీపావళి తలంటుకని మా అత్తగారు నాలుగింటికే లేచి, కుళాయి కింద చెయ్యి పెట్టి చూసి, ఏమీ అనకుండా పెరట్లోకి వెళ్లి రాగి హండా కింద పొయ్యి రాజేశారు. ఆమె ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ ఇబ్బందిగా ఉంది.

కొండారెడ్డిబురుజు (కర్నూలు) · నవంబరు 14, రాత్రి 10:05

విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, కాబట్టి కొంచెం లెక్కలు చెబుతాను, ఓర్చుకోండి.

ముందు ఎండ సంగతి. మన వైపు చదరపు మీటరుకు రోజుకు సగటున ఐదు యూనిట్లకు పైనే ఎండ పడుతుంది. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల ప్రాంతంలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఊరికే కట్టలేదు. ఉత్తరాదిలో లాగా చలికాలమంతా పొగమంచు కమ్ముకోవడం మనకు లేదు. డిసెంబరు, జనవరుల్లో ఆకాశం అద్దంలా ఉంటుంది. మనకు తగిలేదల్లా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు రెండు మూడు రోజుల ముసురు, జూలై, ఆగస్టుల్లో కాసిని మబ్బులు. నాలుగైదు నెలల వస్తువన్న మాట ఎండను చూసి అన్నది కాదు.

ఇక నీళ్లు. 100 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే కరెంటుతోనైతే సుమారు 4 యూనిట్లు ఖర్చవుతుంది. ఆ 60 డిగ్రీల నీళ్లను అలాగే పోసుకోలేరు. చన్నీళ్లు కలిపి 40 డిగ్రీలకు తెస్తే 100 లీటర్లు 230 లీటర్లవుతాయి. అంటే 20 లీటర్ల బకెట్లు పదకొండు. మీ ట్యాంకు 200 లీటర్లు, ఇరవై రెండు బకెట్లు. ఇంట్లో ఎంతమంది?

ఫ్రేము ఏ దిక్కుకు ఉందో, ఎంత వాలుగా ఉందో కూడా రాయండి.

శనగచేను (ఉరవకొండ దగ్గర పల్లె) · నవంబరు 14, రాత్రి 10:31

వేపచెట్టు గారూ, ఎండాకాలం ఖాళీగా పెట్టమన్న మాటను దయచేసి మరిచిపోండి. నేను సరిగ్గా ఆ పనే చేశాను. ఏప్రిల్‌లో నీళ్లన్నీ వదిలేశాను. మే నెలలో పెళ్లికి బంధువులు వచ్చారని మిట్టమధ్యాహ్నం మళ్లీ వాల్వు తిప్పాను. ఎండకు కాలిన ఖాళీ గొట్టంలో వేడి 200 డిగ్రీలు దాటుతుందని తర్వాత తెలిసింది. చన్నీళ్లు తగలగానే టపటపా ఒకటి తర్వాత ఒకటి ఏడు గొట్టాలు పగిలాయి. కింద పందిట్లో ఉన్నవాళ్లు టపాకాయలనుకున్నారు.

తప్పనిసరిగా నింపవలసి వస్తే తెల్లవారకముందు నింపాలి, లేదా పొద్దుగూకి గొట్టాలు చల్లారాక నింపాలి. పగటిపూట వద్దు.

వేపచెట్టు · నవంబరు 15, ఉదయం 6:20

అమ్మో, ఇంకా ఖాళీ చేయలేదు, బతికిపోయాను. బురుజు గారూ, ఇంట్లో నలుగురం. ఫ్రేము దక్షిణానికే ఉంది. వాలు ఎలా కొలవాలో తెలియలేదు, మా అబ్బాయి ఫోనులో చూసి 28 డిగ్రీలన్నాడు. ఈ రోజు కూడా ఉదయం చన్నీళ్లే.

కొండారెడ్డిబురుజు · నవంబరు 15, ఉదయం 7:02

పెట్టినవారు తెలిసే పెట్టారు. అనంతపురం అక్షాంశం 14.7 డిగ్రీలు. ఏడాది మొత్తానికి సమానంగా ఎండ కావాలంటే వాలు అంతే ఉంటే చాలు. కానీ మనకు వేన్నీళ్లు ఎక్కువగా కావలసింది చలికాలంలో. డిసెంబరు 22న మధ్యాహ్నం సూర్యుడు మీ ఊళ్లో నేలకు 52 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. అందుకని పది, పదిహేను డిగ్రీలు కలిపి నిలువు పెంచుతారు. జూన్‌లోనైతే సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరం వైపుకు వాలతాడు కాబట్టి అదే వాలు ఎండను కొంత తప్పిస్తుంది. రెండు విధాలా లాభమే.

నీడ ఒకసారి చూసుకోండి. దక్షిణం వైపు హీటర్ అడుగు కంటే 2 మీటర్లు ఎత్తున్న గోడ ఏదైనా ఉంటే డిసెంబరు మధ్యాహ్నం దాని నీడ ఒకటిన్నర మీటరు పడుతుంది. ఎండాకాలంలో చూసి నీడ లేదనుకుని కట్టినవారు చలికాలంలో నాలుక కరుచుకుంటారు.

నలుగురికి 200 లీటర్లు ఎక్కువే. ఒక రోజు ముసురు పట్టినా ముందురోజు నీళ్లతో గడిచిపోవాలి. తెల్లారేసరికి చల్లబడటం మాత్రం నాకు అంతుపట్టలేదు. వేడి పోకుండా ట్యాంకు చుట్టూ నింపే నురుగు పొర, పఫ్, పాడయిందేమో.

పెన్నాతీరం (కడప జిల్లా, ఎర్రగుంట్ల వైపు) · నవంబరు 15, మధ్యాహ్నం 1:15

ఎండ గురించి ఇంత మాట్లాడారు, నీళ్ల గురించి ఎవరూ అడగలేదేం? మన సీమలో సోలార్‌ను చంపేది మబ్బు కాదు, బోరు నీళ్లు.

నాది గొట్టాల రకం కాదు, పలక రకం. నల్ల రేకు కింద అర అంగుళం రాగి గొట్టాలు పాకి ఉంటాయి. మొదటి మూడేళ్లు అద్భుతం. నాలుగో ఏడు నీళ్లు తగ్గాయి, ఐదో ఏడు వేడి తగ్గింది. విప్పి చూస్తే రాగి గొట్టం లోపల సున్నం పేరుకుని పెన్సిలు కూడా దూరేటట్టు లేదు. నీళ్లు కాగినప్పుడు అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు విడిపోయి సున్నపురాయిగా గోడలకు అంటుకుంటుంది. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా కనిపించేదీ అదే. వేడి ఎంత ఎక్కువైతే అంత త్వరగా అంటుతుంది.

శుభ్రం చేస్తానని వచ్చినాయన ఘాటు ఆమ్లం పోసి, టీ తాగి వస్తానని వెళ్లి గంటన్నరకు వచ్చాడు. సున్నంతోపాటు రెండు అతుకులూ కరిగాయి. తర్వాత నేనే పలచని సిట్రిక్ ఆమ్లంతో ఏడాదికోసారి కడుగుతున్నాను. మళ్లీ కొనవలసి వస్తే హీట్ ఎక్స్‌చేంజర్ ఉన్న పలక కొంటాను. అందులో పలకలో తిరిగే నీళ్లు వేరు, మనం వాడుకునే నీళ్లు వేరు.

ఇంకో మాట, టీడీఎస్ మీటరు పెట్టి చూసి నీళ్లు మంచివే అనుకోకండి. అది ఉప్పులన్నీ కలిపి చెబుతుంది. కాఠిన్యం విడిగా పరీక్ష చేయించాలి. తాగునీటి ప్రమాణంలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మేలు, వేరే దారి లేకపోతే 600 దాకా అనుమతి. మా బోరు 600 ఎప్పుడో దాటింది.

శనగచేను · నవంబరు 15, మధ్యాహ్నం 2:40

పెన్నాతీరం అన్నా, గాజు గొట్టాలకు ఆ బెడద తక్కువ. గొట్టం వెడల్పు కాబట్టి మూసుకుపోదు. కానీ అడుగు మూసి ఉంటుంది కదా, బోరులోంచి వచ్చిన ఒండ్రు, సున్నపు పొలుసులు అన్నీ అక్కడే కూర్చుంటాయి. ట్యాంకు డ్రెయిన్ తిప్పితే అవి రావు. ఏడాదికోసారి తెల్లవారుజామున ఒక్కొక్క గొట్టమే సబ్బునీళ్లు రాసి, మెలితిప్పుతూ బయటికి లాగి కడగాలి. నా గొట్టాల్లో అడుగున జానెడు బురద వచ్చింది.

మాకు రెండో శత్రువు కోతులు. గొట్టం మీద కూర్చుని ఊగుతాయి. ఒక్క గొట్టం పగిలితే ట్యాంకంతా ఖాళీ అవుతుంది. పైగా ఓవర్‌హెడ్ ట్యాంకులోంచి చన్నీళ్లు దిగుతూనే ఉంటాయి కాబట్టి అదీ ఖాళీ. చన్నీళ్ల పైపుకు చేతికి అందేటట్టు గేట్ వాల్వు లేకపోతే ఆ రోజు స్నానాలు లేనట్టే. ఇనుప వల కట్టించాక ప్రశాంతంగా ఉంది.

రెండోఅంతస్తు (కడప) · నవంబరు 15, రాత్రి 8:48

నాదో అపశకునపు మాట. ఇంత తతంగం ఎందుకు? సున్నం, బురద, కోతులు, పగిలే గొట్టాలు... ఆ డబ్బుతో కరెంటు ప్యానెళ్లు పెట్టించి మామూలు గీజరు వాడుకోవచ్చు కదా. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. బురుజు సార్ లెక్కే తీసుకుందాం. 100 లీటర్లకు 4 యూనిట్లు. ఒక కిలోవాట్ ప్యానెల్ మన ఎండకు రోజుకు దాదాపు అంతే ఇస్తుంది. మే నెలలో మీ వేన్నీళ్లను ఎవరూ ముట్టుకోరు. నా ప్యానెల్ మాత్రం మేలోనూ నెట్ మీటరింగ్‌లో, అంటే మిగులు కరెంటును లైనుకు ఇచ్చి, సంపాదిస్తూనే ఉంటుంది. ఏడాది పొడవునా అంటే అదీ.

కొండారెడ్డిబురుజు · నవంబరు 15, రాత్రి 9:30

ఉన్నదాన్ని ఎలా వాడాలని ఆమె అడిగితే మీరు పీకేయమంటున్నారు. ఎండలో ప్యానెల్ కరెంటుగా మార్చేది ఐదో వంతు. వేన్నీళ్ల హీటర్ సగానికి అటూ ఇటూగా పట్టుకుంటుంది. 100 లీటర్లకు 2 చదరపు మీటర్ల పలక చాలు, మీ ఒక కిలోవాట్ ప్యానెళ్లకు దాని రెట్టింపు పైన కావాలి. చిన్న మిద్దె ఉన్నవారికి అది చిన్న విషయం కాదు.

రెండోఅంతస్తు · నవంబరు 15, రాత్రి 9:41

చిన్న మిద్దె ఉన్నవారికి సరే. పెన్నాతీరం గారి నీళ్లున్నవారికి?

కొండారెడ్డిబురుజు · నవంబరు 15, రాత్రి 10:10

ఆ నీళ్లకు గీజరు కాయిల్ మాత్రం చిరంజీవా? దానికీ సున్నం పడుతుంది. అయితే కాయిల్ మార్చడం తేలిక, పలక మార్చడం కష్టం. కొత్తగా కట్టేవారు, బోరు తప్ప వేరే నీళ్లు లేనివారు మీ దారి ఆలోచించవచ్చు. ఒప్పుకుంటున్నాను. ఆ రాయితీ మాత్రం కరెంటు ప్యానెళ్లకే, వేన్నీళ్ల హీటర్‌కు రాదు. ఆ తేడా తెలియక కొందరు అంగడికి వెళ్లి గొడవ పడుతున్నారు.

పైపులమేస్త్రీ (కర్నూలు) · నవంబరు 16, ఉదయం 5:55

పనికి వెళ్లేముందు చూశాను. అందరూ సూర్యుణ్ణి, సున్నాన్ని పట్టుకున్నారు, అమ్మ అడిగింది అది కాదు. రాత్రి సలసలా ఉండి తెల్లారేసరికి చల్లబడితే పఫ్ పాడయిందనుకోనవసరం లేదు. పఫ్ తడిసి పాడయితే ట్యాంకు పైరేకు రాత్రిపూట చేతికి వెచ్చగా తగులుతుంది. గొట్టం రెండు గాజు పొరల మధ్య ఉండే వాక్యూమ్ (గాలి లేని ఖాళీ) పోతే కొసన అద్దంలా మెరిసే భాగం పాలరంగుకు తిరుగుతుంది. ఒకటి రెండు పోయినా ట్యాంకంతా ఇంత చల్లబడదు.

అమ్మా, నాలుగు సంగతులు చెప్పండి. రాత్రిపూట బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు మూత తీసి చెయ్యి పెడితే నీళ్లు వెచ్చగా ఉంటాయా? వేడి, చల్ల కలిపే మిక్సర్‌కు చేతి షవర్ ఎక్కడైనా తగిలించారా? ఆ షవర్‌ను మిక్సర్ దగ్గర కట్టేస్తున్నారా, చేతి మీట దగ్గర కట్టేస్తున్నారా? ట్యాంకుకు వచ్చే చన్నీళ్ల పైపులో నాన్ రిటర్న్ వాల్వు, అంటే నీళ్లను ఒకవైపే పోనిచ్చేది, ఉందా?

ఈ రాత్రి ఒక పని చేయండి. పడుకోబోయే ముందు మిద్దె మీద సోలార్ ట్యాంకులోంచి ఇంట్లోకి దిగే వేన్నీళ్ల పైపు వాల్వు కట్టేయండి. పొద్దున తిప్పి చూడండి. నీళ్లు వేడిగా ఉంటే ట్యాంకు తప్పు లేదు, దొంగ ఇంట్లోనే ఉన్నట్టు.

వేపచెట్టు · నవంబరు 17, ఉదయం 6:04

మేస్త్రీ గారూ, పొద్దున వాల్వు తిప్పగానే నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా వచ్చాయి! ఫ్లష్ ట్యాంకు నీళ్లు నిన్న రాత్రి నిజంగానే వెచ్చగా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎవరం గమనించలేదు. మేము దిగాక మా ఆయన వెనక బాత్రూంలో మిక్సర్‌కు చేతి షవర్ పెట్టించారు. బట్టలు నానబెట్టడానికి అందరూ అదే వాడుతున్నారు. మిక్సర్ తిప్పే ఉంటుంది, చేతి మీటతో కట్టేస్తాము. ఎందుకలా జరుగుతుందో చెప్పరా?

పైపులమేస్త్రీ · నవంబరు 17, రాత్రి 8:15

అంతేనమ్మా. ఈ నెలలో ఇది మూడో ఇల్లు. మిక్సర్ తిప్పి ఉంటే దాని కడుపులో వేన్నీళ్ల పైపు, చన్నీళ్ల పైపు ఒకటైపోతాయి. చివర చేతి మీట కట్టి ఉంది కాబట్టి నీళ్లు బయటికి రావు, మనకు తెలియదు. రాత్రి ఎవరో ఒకరు ఫ్లష్ నొక్కుతారు, ఫ్లష్ ట్యాంకుకు నీళ్లు కావాలి. చన్నీళ్ల పైపులోంచి సగం వస్తాయి, మిగతా సగం మిక్సర్ దాటుకుని సోలార్ ట్యాంకులోంచి వస్తాయి. వేన్నీళ్లు పోయిన చోట చన్నీళ్లు నిండుతాయి. తెల్లారేలోపు ఎన్నిసార్లు ఫ్లష్ చేస్తే అన్నిసార్లు. వాషింగ్ మెషిన్ రాత్రి వేసే అలవాటుంటే ఇంక చెప్పనక్కర్లేదు. మీరు కాచిన నీళ్లు అలా పోతున్నాయి.

పని తేలిక. వాడుకున్నాక మిక్సర్ దగ్గరే కట్టేయాలి. ఇంట్లో అందరికీ అలవాటు కాదనుకుంటే చేతి షవర్‌ను చన్నీళ్ల కుళాయికి మార్పించండి. దాంతోపాటు చన్నీళ్ల పైపులో నాన్ రిటర్న్ వాల్వు కూడా పెట్టించండి. పై ట్యాంకు ఖాళీ అయినప్పుడు వేన్నీళ్లు వెనక్కి తన్నకుండా ఉంటాయి. వేన్నీళ్ల పైపు వేడికి తట్టుకునే సీపీవీసీయేనా చూడండి. మామూలు పీవీసీ వేస్తే మేలో మెత్తబడి వంగుతుంది.

వేపచెట్టు · నవంబరు 17, రాత్రి 8:40

వెంటనే చేయిస్తాను. అత్తగారికి చెప్పాను. "అంటే మనం దొడ్డికి వేన్నీళ్లు పోస్తున్నామన్నమాట" అన్నారు, అంతే. ఇప్పుడు ఎండాకాలం, ముసురు సంగతి ఎవరైనా తేల్చండి.

శనగచేను · నవంబరు 17, రాత్రి 9:20

ఎండాకాలం నేను చేసేది ఇది. మార్చి ఆఖరున 20లో 12 గొట్టాలను తెల్లని షేడ్ నెట్‌తో కప్పేస్తాను. ఒక్క పొర చాలదు, రెండు మడతలు వేయాలి. గోనెపట్టా కూడా పనికొస్తుంది, వానకు కుళ్లిపోతుంది. ట్యాంకు నిండుగానే ఉంచుతాను. రోజూ ఒకటి రెండు బకెట్లు అంట్లకు, జిడ్డు గిన్నెలకు వాడతాము. మే నెలలో పై ట్యాంకు చన్నీళ్లే మధ్యాహ్నం కాలుతుంటాయి, స్నానానికి ఎవరికి కావాలి వేన్నీళ్లు? పిల్లలున్న ఇల్లయితే జాగ్రత్త. కప్పకపోతే ట్యాంకులో నీళ్లు దాదాపు మరిగే స్థితికి వస్తాయి. ముందు చన్నీళ్లు పట్టి, ఆ తర్వాతే వేన్నీళ్లు కలపాలి.

రెండోఅంతస్తు · నవంబరు 17, రాత్రి 9:34

అంటే 12 గొట్టాలకు మూడు నెలలు సెలవు. నేను చెప్పింది అదే.

కొండారెడ్డిబురుజు · నవంబరు 17, రాత్రి 10:02

గొడుగు కూడా తొమ్మిది నెలలు మూలనే ఉంటుంది, పారేస్తామా?

వేపచెట్టు గారూ, ముసురు సంగతి నేను చెబుతాను. మీ ట్యాంకులో కరెంటు కాయిల్ ఉంటే 2 కిలోవాట్లది అయి ఉంటుంది. దాన్ని మధ్యాహ్నం వేయకండి, సూర్యుడు చేయవలసిన పనిని మీరు డబ్బు పెట్టి చేసినట్టవుతుంది. రాత్రంతా కూడా వద్దు. మొత్తం 200 లీటర్లు 60 డిగ్రీలకు తేవాలంటే 8 యూనిట్లు, నాలుగు గంటలు. అంత అక్కర్లేదు. మబ్బు రోజు కూడా నీళ్లు పచ్చిగా ఉండవు, ముప్పై దాటే ఉంటాయి. థర్మోస్టాట్ 45 దగ్గర పెట్టి, తెల్లవారుజామున లేవగానే వేసి గంటన్నర తర్వాత ఆపేయండి. ఏడాదిలో అలాంటి రోజులు మీకు ఎన్ని వస్తాయో క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. నాకు పోయిన ఏడాది పందొమ్మిది వచ్చాయి.

పెన్నాతీరం · నవంబరు 18, ఉదయం 7:30

బురుజు సార్, థర్మోస్టాట్ తగ్గించమన్నారు, అది సున్నానికీ మంచిదే. ఎర్రగుంట్ల వైపు ఉన్నవారు అద్దం మీది దుమ్ము కూడా చూసుకోండి. మాకు సిమెంటు దుమ్ము పడి, తెల్లవారి మంచుకు తడిసి, ఎండకు బిగుసుకుంటుంది. వారానికోసారి ఎండ రాకముందే కడగాలి. కాలిన అద్దం మీద మధ్యాహ్నం చన్నీళ్లు కొట్టకండి.

నీళ్లు మెత్తబరిచే యంత్రం పెట్టించాలని నాకో ఆలోచన. ఎవరైనా వాడుతున్నారా?

కొండారెడ్డిబురుజు · నవంబరు 18, ఉదయం 8:11

మా అల్లుడింట్లో ఉంది. సున్నం ఆగిపోయింది. యంత్రంలో సున్నాన్ని పట్టుకునే రెజిన్ పూసలను రాళ్లుప్పుతో కడుగుతుంటారు, ఆ ఉప్పునీళ్లను మొదట్లో మామిడిచెట్టుకు వదిలారు, చెట్టు ఎండిపోయింది. మరో సంగతి, అది కాఠిన్యాన్నే తీస్తుంది, క్లోరైడును తీయదు. ఉప్పు బోరయితే స్టీలు ట్యాంకు అతుకుల దగ్గర చిల్లులు పడటం మానదు. అలాంటి చోట లోపల ఎనామిల్ పూసి, మెగ్నీషియం కడ్డీ పెట్టిన ట్యాంకు మేలు. ఆ కడ్డీ తాను కరుగుతూ ట్యాంకును కాపాడుతుంది, కరిగాక మార్చాలి. మెత్తబరిచిన నీళ్లలో ఇంకా త్వరగా కరుగుతుంది.

వేపచెట్టు · నవంబరు 21, ఉదయం 6:15

నాలుగు రోజులుగా మిక్సర్ దగ్గరే కట్టేస్తున్నాము. నిన్న ఐదింటికి అత్తగారు కుళాయి వేన్నీళ్లతోనే పోసుకున్నారు. హండా మాత్రం తోమి, బోర్లించి, పెరట్లోనే ఉంచారు. అటకెక్కిస్తానంటే వద్దన్నారు.

నిన్న సాయంత్రం ఇక్కడి ప్లంబర్‌ను పిలిచి నాన్ రిటర్న్ వాల్వు పెట్టించాను. ఈ రోజు పొద్దున కాసేపు వేన్నీళ్లు బాగా వచ్చి, సన్నబడి, పూర్తిగా ఆగిపోయాయి. పై ట్యాంకు నిండుగా ఉంది. ఇప్పుడేమయింది మేస్త్రీ గారూ?

పైపులమేస్త్రీ · నవంబరు 21, ఉదయం 6:22

వాల్వు మీద బాణం గుర్తు ఉంటుంది. అది ఎటు చూస్తోందో చెప్పండి. గొట్టాల్లో నీళ్లున్నాయో లేదో తెలిసేదాకా ఎండలో ఏమీ తిప్పకండి.

వేపచెట్టు · నవంబరు 21, ఉదయం 6:31

పై ట్యాంకు వైపు చూస్తోంది.

పైపులమేస్త్రీ · నవంబరు 21, ఉదయం 6:33

తలకిందులుగా పెట్టారమ్మా. సోలార్ ట్యాంకు వైపు చూడాలి. ఎండ ఎక్కకముందే గొట్టాల మీద దుప్పటి కప్పేసి, ఆయన్ను సాయంత్రం చల్లబడ్డాక రమ్మనండి.